పర్యావరణ చట్టాలు పెరుగుతున్నాయి, వాటిని అమలు చేసే చేతులు పెరగడం లేదు: చట్టసభలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన చట్టసభల సభ్యులకు, పర్యావరణ శాఖల కార్యదర్శులకు, నిబంధనల ముసాయిదాలు రాసే అధికారులకు,

నమస్కారం.

నేను ఇరవై ఆరేళ్లు కాలుష్య తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీరు చేసిన చట్టాలు చేత్తో పట్టుకుని కాలువ గట్ల మీద, ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడినవాళ్లలో ఒకణ్ణి. కొత్త ముసాయిదాల మీద అభిప్రాయాలు పంపమని మీరే ప్రకటన ఇచ్చినప్పుడు, ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు రాసి పంపాను. రెండుసార్లూ అందినట్టు రసీదు వచ్చింది. ముసాయిదాలో ఒక్క అక్షరం మారకుండా నిబంధన అమల్లోకి వచ్చింది. రిటైరయ్యాక మూడోసారి రాశాను. దానికి రసీదు కూడా రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందూ పెడుతున్నాను.

ఒక మాట మొదటే చెప్పాలి. పర్యావరణ చట్టాలు మితిమీరిపోయాయి, కోసెయ్యండి అని అడిగేవాళ్లలో నేను లేను. సీసం కలిపిన పెట్రోలు 2021లో అల్జీరియాలోని బంకుల్లో ఆగిపోవడంతో ప్రపంచమంతటా కార్లకు అమ్మకం ముగిసింది. అది చట్టాల వల్లే జరిగింది. అమెరికాలో 1970 నుంచి 2020 మధ్య ఆరు ప్రధాన వాయు కాలుష్యాలు మొత్తం మీద 78 శాతం తగ్గాయి. అదీ చట్టాల వల్లే. నా ఫిర్యాదు వేరు. మీరు చట్టం మీద చట్టం పేరుస్తున్నారు. ఆ బరువు కింద నిలబడిన మనిషిని మాత్రం ఎవరూ చూడటం లేదు.

ఎంత పేరుకుందో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2019 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి తొలి పర్యావరణ సదస్సు స్టాక్‌హోమ్‌లో జరిగిన 1972తో పోలిస్తే ప్రపంచంలో పర్యావరణ చట్టాలు 38 రెట్లు పెరిగాయని అందులో ఉంది. ఆ నివేదిక అసలు బాధ మాత్రం ఆ తర్వాతి మాటలో ఉంది: చట్టాలున్నాయి, అమలు లేదు.

ఇన్ని చట్టాలు ఎందుకు పుట్టాయో నాకు తెలిసినంత చెబుతాను. కారణం తెలియకుండా మందు అడగడం సరికాదు కదా.

మొదటి కారణం అందరికీ తెలిసిందే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. 1952 డిసెంబరులో లండన్‌ను అయిదు రోజుల పాటు బొగ్గు పొగ కమ్మేసింది. నాలుగు వేల మంది చనిపోయారని అప్పట్లో అన్నారు, పన్నెండు వేల దాకా ఉండొచ్చని తర్వాత లెక్క తేలింది. 1956లో స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. ఇటలీలోని సెవెసో దగ్గర 1976లో ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ అనే విషపు మేఘం ఊళ్ల మీదికి వచ్చింది. ఐరోపా కూటమి 1982లో తన సభ్య దేశాలన్నీ పాటించాల్సిన సెవెసో ఆదేశం తెచ్చింది. 1986లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర గోదాము తగలబడి రైన్ నది విషమైంది. ఆదేశాన్ని మళ్లీ సవరించి, 1996లో రెండోదాన్ని తెచ్చారు. 2001లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఎరువుల కర్మాగారం పేలి 31 మంది పోయారు. 2003లో ఇంకో సవరణ వచ్చింది, 2012లో మూడో ఆదేశం వచ్చింది. మన భోపాల్ 1984లో జరిగితే 1986లో భారతదేశం పర్యావరణ పరిరక్షణ చట్టం చేసింది. పక్క ఫ్యాక్టరీలో ఏ రసాయనాలు నిల్వ ఉన్నాయో తెలుసుకునే హక్కు జనానికి ఇస్తూ అదే ఏడాది అమెరికా కూడా ఒక చట్టం చేసింది. ప్రతి పొర కింద ఒక ప్రమాదం ఉంది. ఏ పొరనైనా తీసెయ్యమనడానికి నాకు నోరు రాదు.

రెండో కారణం గురించి జనం తక్కువ మాట్లాడతారు. ఒక సమస్యకు మనం కనిపెట్టిన పరిష్కారమే ఇంకో సమస్యను కనడం. ఊళ్లో పొగ తగ్గాలంటే పొగగొట్టం ఎత్తు పెంచమన్నారు. పెంచారు. ఊరు తేరుకుంది. ఆ పొగలోని గంధకం గాలిలో వందల మైళ్లు ప్రయాణించి స్వీడన్, నార్వే చెరువుల మీద ఆమ్ల వర్షమై కురిసింది. చేపలు చచ్చిపోయాయి. అప్పుడు 1979లో జెనీవాలో సరిహద్దులు దాటే వాయు కాలుష్యం మీద ఒప్పందం కుదిరింది. 1985లో గంధకం తగ్గించడానికి ఇంకో ఒప్పందం రాశారు. గంధకాన్ని గొట్టంలోనే పట్టెయ్యడానికి సున్నపురాయి నీళ్లతో పొగను కడిగే యంత్రాలు పెట్టారు. గాలి బాగుపడింది. కానీ ఆ కడుగు నీళ్లలోకి పాదరసం, సెలీనియం దిగాయి. ఆ నీళ్ల కోసం 2015లో అమెరికా మళ్లీ ప్రత్యేకంగా పరిమితులు రాయాల్సి వచ్చింది. ఒకే పొగకు నాలుగు తరాల నిబంధనలు. ఏ తరం దగ్గరా ఎవరూ తప్పు చేయలేదు.

ఓజోన్ కథా అంతే. ఓజోన్ పొరను తినేసే క్లోరోఫ్లోరోకార్బన్‌లను 1987లో మాంట్రియల్ ఒప్పందం ఆపింది. వాటి స్థానంలోకి వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్‌లు ఓజోన్ పొరను ఏమీ చేయవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. వాటిని తగ్గించడానికి 2016లో కిగాలీలో ఆ ఒప్పందాన్నే సవరించారు.

శాస్త్రం చూపు పదునెక్కడం ఇంకో కారణం. నిన్న కొలవలేనిది ఇవాళ కొలవగలుగుతున్నాం. ఏళ్ల తరబడి విరిగిపోకుండా ఉండే మొండి విషాల మీద 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందం రాసినప్పుడు జాబితాలో 12 రసాయనాలున్నాయి. ఇప్పుడు ముప్పై దాటాయి. వాతావరణ ఒప్పందాల సంగతి సరేసరి. 2015 పారిస్ ఒప్పందం ప్రకారం అందులో ఉన్న ప్రతి దేశం అయిదేళ్లకోసారి కొత్త హామీ ఇవ్వాలి, అది పాతదానికంటే ఒక మెట్టు పైన ఉండాలి. మెట్లు ఎక్కడమే గానీ దిగడం లేకుండా కట్టిన ఏర్పాటు అది. మంచి ఏర్పాటే.

చివరి కారణం మీకు సంబంధించింది. గౌరవంతోనే చెబుతున్నాను, నొచ్చుకోకండి. చట్టం చేసిన రోజు పేరొస్తుంది. అమలు చేసిన రోజు రాదు. చట్టం రాసే చోట ఖర్చు కాగితం, కొన్ని సమావేశాలు. అసలు ఖర్చు కింద పడుతుంది, ల్యాబ్ మీద, మునిసిపాలిటీ మీద, తనిఖీ విభాగం మీద. రాసినవాళ్లు ఆ బిల్లు కట్టరు. కట్టాల్సినవాళ్లను ముందుగా ఎవరూ అడగరు. ఇక పాత నిబంధనను ముట్టుకోవాలంటే భయం. రెండు పాత నిబంధనలు కలిపి ఒకటి చేద్దామన్నా ‘పర్యావరణ చట్టం ఎత్తేస్తున్నారు’ అని మర్నాడు పత్రికలో వస్తుందన్న టెన్షన్. అందుకని పాతది పాతచోటే ఉంటుంది, కొత్తది పక్కన చేరుతుంది. నదిలోకి వదిలే మురుగునీటికి బ్రిటన్‌లో ఒక రాయల్ కమిషన్ 1912లో రాసిన అంకెలు, లీటరుకు 20 మిల్లీగ్రాముల బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లేటప్పుడు లాగేసుకునే ఆక్సిజన్), 30 మిల్లీగ్రాముల మడ్డి. నేను సర్వీసులో చేరిన రోజు నా చేతిలో పెట్టిన ప్రమాణాల పట్టికలో కూడా అవే ఉన్నాయి.

జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన కొందరు రాజనీతి శాస్త్ర పరిశోధకులు దీన్ని ఒక పద్ధతిలో లెక్కపెట్టారు. ఒక పెద్ద పట్టిక గీశారు. అడ్డంగా ఒక్కో వరసలో ఒక్కో కాలుష్యం, నిలువుగా ఒక్కో సాధనం: అనుమతి, పరిమితి, పన్ను, నిషేధం. చట్టం ఉన్న ప్రతి గడినీ నింపుకుంటూ పోయారు. వాళ్లు చూసిన ధనిక దేశాలన్నిట్లో దశాబ్దం తర్వాత దశాబ్దం గడులు నిండుతూనే పోయాయి. ఖాళీ అయినవి బహు తక్కువ. ఏ పార్టీ అధికారంలో ఉన్నా పెరుగుదల ఆగలేదు. అమలు చేసే సిబ్బంది, డబ్బు మాత్రం అదే వేగంతో పెరగలేదని కూడా వాళ్లు చూపించారు.

అది పట్టికలో ఎలా ఉంటుందో వాళ్లు చెప్పారు. గట్టు మీద ఎలా ఉంటుందో నేను చెబుతాను.

నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూడాలంటే 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీళ్లలో ముంచి, ఒక్క గాలి బుడగ కూడా చొరబడకుండా నింపి మూత పెట్టాలి. వెంటనే, అక్కడే గట్టు మీద, రెండు ద్రావణాలు చెరో రెండు మిల్లీలీటర్లు వదిలి, మూత బిగించి సీసాను తిరగేసి ఊపాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది. లేకపోతే మడ్డి తెల్లగా వస్తుంది. ఒక తెల్లవారుజామున నేను నింపిన సీసాలో తెల్లటి మడ్డి మెల్లగా అడుగుకు దిగింది. పక్కనే వల చిక్కులు తీసుకుంటున్న పెద్దాయన వంగి చూసి, “పాలలా ఉందేంటి సారూ?” అన్నాడు. ఇందులో చేప బతకదు తాతా అని చెప్పాను. “ఆ సంగతి నాకు పది రోజుల కిందటే తెలుసు” అన్నాడాయన.

కేసు పెట్టాలంటే బీఓడీ ఫలితం కావాలి. ఆ శాంపిల్‌ను ఐసు పెట్టెలో పెట్టి ఇరవైనాలుగు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి, అక్కడ ఒకే వేడిని నిలిపి ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలో కొన్ని రోజులు ఉంచాలి. సాయంత్రానికల్లా చేర్చాను. ల్యాబ్‌లో ఉన్నది ఒకే ఇంక్యుబేటర్. అది నిండిపోయి ఉంది. మూడు రోజుల తర్వాత గానీ చోటు లేదన్నారు. ఆ పనిచేసే అమ్మాయి తప్పేమీ లేదు. ఆమె నలుగురి పని ఒక్కతే చేస్తోంది. మూడు రోజులు నిలవున్న శాంపిల్ న్యాయస్థానంలో నిలబడలేదు. ఫ్యాక్టరీ తరఫు లాయరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: శాంపిల్ తీసిన సమయం, పరీక్ష మొదలైన సమయం చదవండి అని. చదివాను. అంతటితో అయిపోయింది.

ఆ నీళ్ల మీద అప్పటికే అయిదు వేర్వేరు నిబంధనలు వర్తిస్తున్నాయి. ఆ ఏడాది ఇంకో రెండు వచ్చాయి. ఇంక్యుబేటర్ రాలేదు.

ఇది నా ఒక్కడి గోడు అయితే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. జపాన్‌లో మినమాట చూడండి. పాదరసం తిన్న చేపల వల్ల వచ్చే నరాల జబ్బు అధికారికంగా బయటపడింది 1956లో. నీటి నాణ్యతను కాపాడటానికి, ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని అదుపు చెయ్యడానికి అక్కడ రెండు చట్టాలు 1958లోనే చేశారు. సముద్రంలోకి పాదరసం వదులుతున్న ఫ్యాక్టరీ మీద వాటిని వాడలేదు. పాదరసం వదలడం 1968 దాకా సాగింది. 1970లో జపాన్ పార్లమెంటు ఒకే సమావేశంలో 14 కాలుష్య చట్టాలు ఆమోదించింది. ప్రపంచం మెచ్చుకుంది. కానీ 2004లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు చూడండి: 1960 నుంచే ప్రభుత్వం తన చేతిలో ఉన్న చట్టాలను వాడి ఉండాల్సింది, వాడకపోవడం తప్పు, బాధితులకు ప్రభుత్వమూ పరిహారం ఇవ్వాలి. చట్టం లేక పోయిన ప్రాణాలు కావవి.

అమెరికాలోని ఫ్లింట్ నగరంలో అప్పట్లో దాదాపు లక్ష మంది ఉండేవారు. డబ్బు ఆదా కోసం 2014 ఏప్రిల్‌లో నీటి సరఫరాను అక్కడి నదికి మార్చారు. గొట్టాలు తుప్పుపట్టి అరిగిపోకుండా కలపాల్సిన మందు కలపలేదు. గొట్టాల్లోని సీసం పిల్లల గ్లాసుల్లోకి దిగింది. తాగునీటిలో సీసం మీద నిబంధన 1991 నుంచీ ఉంది. పైగా శాంపిల్ పట్టే ముందు రాత్రి కుళాయి కాసేపు తిప్పి వదిలెయ్యమని ఇళ్లవాళ్లకు సూచన ఇచ్చారు. అలా వదిలితే గొట్టంలో నిలవున్న సీసం కొట్టుకుపోతుంది, శాంపిల్ పాసవుతుంది. శాంపిల్ పట్టడం తెలిసినవాడిగా ఆ సూచన గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బ్రెజిల్‌లో గని వ్యర్థాల ఆనకట్టల భద్రతకు 2010లోనే చట్టం ఉంది. 2015లో మరియానాలో ఆనకట్ట తెగి 19 మంది పోయారు. 2019 జనవరిలో బ్రూమాజిన్యోలో ఇంకోటి తెగి 270 మంది పోయారు. తెగిన ఆనకట్టకు అంతా క్షేమమని ధ్రువపత్రం ఉంది. అది ఇచ్చిన ఆడిటర్లకు ఫీజు కట్టింది గని యాజమాన్యమే. 2020లో ఇంకా కఠినమైన చట్టం చేశారు.

అమలు లేని చట్టాల వల్ల మామూలు మనుషులకు జరిగేది ఇదీ:

1. రక్షణ ఉందనుకుని మోసపోతారు. ఇది అన్నిటికన్నా ఘోరం. చట్టం లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు, కాచి తాగుతాడు, ఇల్లు మారతాడు, అరుస్తాడు. చట్టం ఉందని విన్నవాడు ఎవరో చూసుకుంటున్నారనుకుని పిల్లకు కుళాయి నీళ్లు పట్టిస్తాడు. ఫ్లింట్‌లో నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు నెలల తరబడి చెబుతూ వచ్చారు. తల్లులు రంగుమారిన నీళ్లు సీసాల్లో పట్టుకుని సమావేశాలకు వచ్చి చూపించాల్సి వచ్చింది.

2. ఫిర్యాదు చేసేవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. పొగ ఒక చట్టం కింద, బూడిద ఇంకో చట్టం కింద, నీళ్లు మరో చట్టం కింద, వాసన ఏ చట్టం కిందా రాదు. ఒక్క ఫ్యాక్టరీ గురించి ఒక మహిళ నాలుగు ఆఫీసులకు నాలుగు అర్జీలు రాయడం నేను చూశాను. ఒక్కో ఆఫీసూ మిగతా మూడింటి పేర్లు చెప్పి పంపింది. నాలుగో ఆఫీసు మాదే. మేమూ అదే చేశాం. ఆమెకు నేను ఇప్పటికీ క్షమాపణ బాకీ ఉన్నాను.

3. చిన్నవాళ్లు నలిగిపోతారు. పెద్ద కంపెనీకి నిబంధనలు చదవడానికే ఒక విభాగం ఉంటుంది. ఎనిమిది మందితో నడిచే అద్దకం షెడ్డు యజమాని రాత్రి భోజనమయ్యాక తనే కూర్చుని ఫారాలు నింపుతాడు. ఒకే గొట్టంలోంచి వచ్చే ఒకే నీళ్ల గురించి మూడు ఫారాల్లో మూడు కొలమానాల్లో రాయాలి. ఒకదానిలో తప్పు పడితే జరిమానా. నిజాయితీగా ఉండాలనుకున్నవాడికి కూడా ఏది పాటిస్తే చాలో తెలియదు. తనిఖీ సిబ్బంది తక్కువ కాబట్టి మేము కూడా దగ్గరున్నవాడి దగ్గరికి, తేలిగ్గా దొరికేవాడి దగ్గరికే వెళ్లాం. ఒప్పుకోవాలి.

4. మోసం చేసేవాడికి లాభం. కార్ల పొగకు ఐరోపాలో 1992 నుంచి మెట్టు మెట్టుగా పరిమితులు బిగించారు. కొలిచేది మాత్రం ల్యాబ్‌లో. పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల డీజిల్ కార్లలో పెట్టిందని 2015లో బయటపడింది. రోడ్డు మీద కొలిచిన చిన్న పరిశోధన బృందం వల్ల అది తెలిసింది. అన్నేళ్లూ ఆ పొగ పీల్చింది రోడ్డు పక్కన ఉన్నవాళ్లు.

5. ప్రజలకు చట్టం మీదే నమ్మకం పోతుంది. నమ్మకం పోయాక మీరు నిజంగా అవసరమైన చట్టం తెచ్చినా ‘ఇదీ కాగితమే’ అంటారు.

దీనికి కొందరు చెప్పే మందు మీకూ వినబడే ఉంటుంది: ఒక కొత్త నిబంధనకు రెండు పాతవి తీసెయ్యండి అని. బ్రిటన్ 2011లో ఒకటికి ఒకటి అంది, 2013లో ఒకటికి రెండంది, 2016లో ఒకటికి మూడంది. అమెరికా 2017లో ఒకటికి రెండని ఆదేశం ఇచ్చి, 2021లో రద్దు చేసి, 2025లో ఏకంగా ఒకటికి పది అంది. ఇది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం. ఏ నిబంధన ఎవరి ప్రాణం కాపాడుతోందో చూడకుండా తలలు లెక్కపెట్టి తీసేస్తే, లండన్ పొగ, సెవెసో మేఘం మళ్లీ చూస్తాం. అమలు చేయలేని బరువు మోపుతూ పోతే మాత్రం, ఈ కత్తెర పట్టుకున్నవాళ్లకు సాకు అందించేది మీరే. దయచేసి ఇది గుర్తించండి.

చక్కబెట్టే దారి లేక కాదు. స్వీడన్ విడివిడిగా ఉన్న పదిహేను చట్టాలను ఒకే పర్యావరణ స్మృతిగా కలిపి 1999 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. పరిశ్రమల కాలుష్యం మీదున్న ఏడు ఆదేశాలను ఐరోపా సమాఖ్య 2010లో ఒక్కటిగా కలిపింది. రక్షణలు అక్కడే ఉన్నాయి, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడినవాడికి చదవాల్సిన పుస్తకం ఒకటైంది. తేలిక పని కాదు. జర్మనీ ఇలాంటి స్మృతి కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించి 2009లో చేతులెత్తేసింది. అయినా ప్రయత్నించదగ్గ పని.

కాబట్టి మీ ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను.

1. ప్రతి కొత్త పర్యావరణ బిల్లుకూ, ప్రతి నిబంధనకూ ఒక అమలు పత్రం జతచేయాలి. దీన్ని ఏ ఆఫీసు అమలు చేస్తుంది, అక్కడ ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, ఇంకా ఎంతమంది కావాలి, ఏడాదికి ఎన్ని శాంపిళ్లు తియ్యాలి, వాటిని పరీక్షించే ల్యాబ్ ఎక్కడుంది, డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది. ఇవి రాయలేకపోతే ఆ బిల్లు సభ ముందుకు రాకూడదు. మిగతావన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కటి వదలకండి.

2. ముసాయిదా రాసేటప్పుడే క్షేత్ర సిబ్బందిని, ల్యాబ్ సిబ్బందిని కూర్చోబెట్టుకోండి. రాసేశాక అభిప్రాయం అడగడం కాదు. వాళ్లు చెప్పింది తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో రాతపూర్వకంగా బయటపెట్టండి.

3. కొత్త నిబంధన అదే గొట్టం మీద, అదే పొగ మీద ఇప్పటికే ఉన్నవాటితో ఎలా కలుస్తుందో చెప్పండి. కలపగలిగినవి కలపండి. ఒక ఫ్యాక్టరీకి ఒకే అనుమతి, ఒకే ఫారం, ఒకే కొలమానం. సవరణలన్నీ కలిపిన తాజా పాఠం జనం భాషలో, ఉచితంగా దొరకాలి.

4. ప్రతి నిబంధననూ నిర్ణీత గడువులో సమీక్షించండి. గడువు తీరగానే దానంతట అది రద్దయ్యే పద్ధతి వద్దు. గాలి, నీళ్లు కొలిచి చూడండి. పనిచేస్తే ఉంచండి, చేయకపోతే మార్చండి, ఇంకోటి దాని పని చేస్తుంటే అందులో కలపండి. సంఖ్య తగ్గించడం లక్ష్యంగా ఏ కోతా పెట్టకండి.

5. ఆడిటర్‌కు ఫీజు ఆడిట్ జరిగే కంపెనీ నేరుగా ఇవ్వకూడదు. ఆ డబ్బు ప్రభుత్వ నిధికి కట్టించుకుని, ఆడిటర్‌ను మీరే ఎంపిక చేసి పంపండి. బ్రూమాజిన్యో తర్వాత కూడా దీని గురించి వాదించాల్సి రావడం నాకు బాధగా ఉంది.

6. ఏటా ఒక పేజీ ప్రచురించండి. అమల్లో ఉన్న నిబంధనలెన్ని, తనిఖీ సిబ్బంది ఎంతమంది, ఖాళీలెన్ని, తీసిన శాంపిళ్లెన్ని, వాటిలో గడువులోపు పరీక్షించినవెన్ని. ఈ అంకెలన్నీ పక్కపక్కనే ఉండాలి.

7. ఒక ఫిర్యాదుకు ఒకే కిటికీ. ఏ చట్టం కిందికి వస్తుందో తేల్చుకునే పని ఆఫీసులది, ఫిర్యాదు చేసిన మనిషిది కాదు.

ఈ ఏడింటిలో ఏ ఒక్కటీ మీరు ఇప్పటిదాకా చేసిన ఏ రక్షణనూ తగ్గించదు. వీటి వల్ల మీ వేగం కొంత తగ్గవచ్చు. ఏడాదికి ఆరు నిబంధనలు తెచ్చే చోట రెండే తేగలరేమో. ఆ రెండూ గట్టు దాకా వస్తే మాకు చాలు.

వచ్చే సమావేశాల్లోపు ఈ లేఖకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వమని కోరుతున్నాను. సమాధానంలో నా ఏడు డిమాండ్లకూ అవునో కాదో విడివిడిగా చెప్పండి. కాదన్న చోట కారణం రాయండి. కొత్త ముసాయిదా తయారవుతుంటే, దాన్ని రాస్తున్న అధికారి ఒక్క రోజు మాతో వచ్చి గట్టు మీద సీసా నింపి, దాన్ని ల్యాబ్ దాకా మోసుకెళ్లాలని కూడా అడుగుతున్నాను. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాలి. ఐసు పెట్టె నేను తెస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కాలుష్య తనిఖీ అధికారి